కిటికీ నెత్తిన మాగ్నోలియా

మా ఊళ్లో ఎవరైనా ఏదైనా చేసి తెచ్చిపెడితే బాగుందనాలి. పది ఆజ్ఞల్లో సగం మందికి సగం గుర్తుండవు గానీ, ఈ ఒక్కటి మాత్రం పసిపిల్లలక్కూడా నోటికి వచ్చు. మా మొజెల్ అత్త ప్రతి ఈస్టర్‌కీ, ప్రతి జ్వరానికీ, ప్రతి చావుకీ ఒకటే వంటకం పట్టుకొచ్చేది. ఆకుపచ్చ జెల్లీలో తురిమిన క్యారెట్, అనాస ముక్కలు, పైన మయొనైజ్ ముద్ద. పళ్లెంలో పెట్టగానే అది వణికేది, దాన్ని చూసి మేమూ వణికేవాళ్లం. అయినా నాన్న చివరిదాకా తిని, "అక్కా, ఇంకాస్త వెయ్యి" అని గిన్నె చాపేవాడు. అత్త వెళ్లాక అమ్మ ఆయనకి సోడా ఉప్పు కలిపి ఇచ్చేది. టెనెసీలో మా కౌంటీ అంతటా ఇదే మర్యాద, మా ఇంట్లో మరీ ఎక్కువ.

ఆ ఏడు ఫిబ్రవరి చివర్లో నాన్నని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేశాం. జబ్బు వెన్నులోకి పాకింది, ఇక మేం చేసేదేమీ లేదన్నారు వాళ్లు. తల కింద ఒక పల్చటి దిండు తప్ప ఏమీ పెట్టొద్దన్నారు, తల లేపొద్దన్నారు. పడగ్గది ఇరుకు కాబట్టి అద్దె మంచం హాల్లో వేయించాం. మంచం తెచ్చినవాళ్లు గోడవారగా వేయబోతే నాన్న ఒప్పుకోలేదు. కాళ్లు పెరటి కిటికీ వైపు ఉండాలన్నాడు. వెలుతురు కోసం కాబోలు అనుకుంది అమ్మ.

వెలుతురు కోసం కాదని ఆదివారం అమ్మ చర్చికి వెళ్లినప్పుడు నాకు తెలిసింది.

"ట్వైలా, కొట్టంలో సొరబుర్రలున్నాయి. నిచ్చెన వేసుకుని కట్టేసెయ్ తల్లీ. మార్చి వచ్చేస్తోంది."

మా పెరట్లో ఒక పొడుగాటి స్తంభం, దానికి అడ్డకర్రలు ఉన్నాయి. చలి తగ్గుతుండగానే నాన్న వాటికి ఎండిన సొరబుర్రలు వేలాడగట్టేవాడు. ఒక్కో బుర్రకి పక్కన గుండ్రటి కన్నం. మార్చిలో మార్టిన్ పిట్టలు దక్షిణాన్నుంచి వచ్చి వాటిలో కాపురాలు పెట్టి, పిల్లల్ని పెంచుకుని, జులైలో వెళ్లిపోతాయి. మనుషులు బుర్రలు కట్టకపోతే ఆ పిట్టలకి మా వైపు ఇల్లుండదు. అందుకని వాటి రాకపోకలు మా నాన్నకి ఇంట్లో మనుషుల రాకపోకలే. వచ్చిన రోజు పని మానేసేవాడు. వెళ్లే రోజు పెరట్లో టోపీ తీసి నిలబడేవాడు.

నేను నిచ్చెన మీదుంటే ఆయన తెరిచిన కిటికీలోంచి అరుస్తున్నాడు. "ఆ చివరిది ఇంకాస్త ఎడమకి తిప్పు. కన్నం తూర్పుకుండాలి."

నాకు ఆశ్చర్యమేసింది. పని ముగించి లోపలికొచ్చి మంచం పక్కన నిలబడి చూశాను. స్తంభం మొదలు, కంచె, అమ్మ వేసుకున్న ఉల్లి మడి తప్ప ఏమీ కనిపించలేదు.

"నీకిక్కణ్ణించి బుర్రలు కనపడ్డాయా? నాకు ఒక్కటీ కనపడట్లేదు."

"నిలబడి చూస్తే ఏం కనపడతాయే? వంగు. నా తలకాయ పక్కన నీ తలకాయ పెట్టు."

వంగి దిండు మీద తల ఆనించాను. కిటికీ పైభాగం నిండా ఆకాశం, ఆకాశం మధ్యలో సొరబుర్రలు మెల్లగా ఊగుతున్నాయి.

"అన్నీ కనపడుతున్నాయి," అన్నాడు నాన్న, తనే కట్టినంత గర్వంగా. "పడుకున్నోడికి ఇదొక్కటే లాభం. ఇన్నేళ్లూ పని మధ్యలో ఓసారి తలెత్తి చూడటమే. ఈ ఏడు పొద్దుగూకులూ వాటినే చూస్తూ కూచుంటా."

"కూచోవడం ఎక్కడ నాన్నా."

"సరే, పడుంటా. జులైలో వాటిని సాగనంపేదాకా ఉంటే చాలు. ఆ తర్వాత ఎవరికి ఎక్కడికి పోవాలనుంటే అక్కడికి."

ఆయన ఇక కోరుకున్నది ఇదొక్కటే. ఆ సంగతి ఆయన నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మకి అసలే పని ఎక్కువ, తన సరదాలు కూడా ఎందుకనుకున్నాడు.

ఆ వారమే మొజెల్ అత్త జెల్లీ తీసుకుని తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చింది. కాసేపు కళ్లు తుడుచుకుంది. తర్వాత తన ఇంటి సంగతుల్లోకి దిగింది. నాష్‌విల్ నుంచి మనుషులొచ్చి ఆవిడ హాల్లో కిటికీలన్నిటికీ పరదా కడ్డీ కనపడకుండా పైన కప్పే, గుడ్డ తొడిగిన చెక్క పెల్మెట్లు బిగించి వెళ్లారట. అలా చెబుతూ మా కిటికీ వైపు చూసింది. మాకు పెల్మెట్ లేదు, పరదా కడ్డీ తుప్పుపట్టి వేలాడుతోంది.

"ఓపల్, నేను తప్పుబట్టి అంటున్నాననుకోకు," అంది అత్త. "ఇక నుంచీ మీ ఇంటికి వచ్చేపోయే జనం ఉంటారు కదా. ఆ కడ్డీ అలా బోసిగా కనపడుతుంటే బాగోదు."

అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. "నిజమే వదినా," అని నవ్వి, ఆవిడకి ఇంకో గ్లాసు తీపి టీ పోసింది. అత్త కారు వీధి మలుపు తిరిగేదాకా ఆ నవ్వు అలాగే ఉంచుకుంది. ఆ తర్వాత జెల్లీ గిన్నెని సింకులో పడేసిన చప్పుడుకి నాన్న ఉలిక్కిపడ్డాడు.

"ముప్పై ఏళ్లు తలుపుల మిల్లులో పనిచేశాడు మహానుభావుడు. డాక్టరుగారింటికి పెల్మెట్లు, లాయరుగారింటికి పెల్మెట్లు. ఇంటావిడ అడిగితే మాత్రం వచ్చే చలికాలం, ఆ వచ్చే చలికాలం!"

"నేను మంచమ్మీద పడున్నాననేగా నీకింత ధైర్యం?" అన్నాడు నాన్న.

"అవును. లేచి కొట్టు చూద్దాం."

నాన్న నవ్వాడు. ఆ నవ్వు ఆగిపోయాక ఆయన ముఖంలో నిజంగానే బాధ కనిపించింది. అమ్మ ఎప్పుడూ పెద్దగా ఏమీ అడగలేదు, అడిగిన ఒక్కటీ ఆయన చెయ్యలేదు. "ట్వైలా, టేపు తే," అన్నాడు. "చేతులు మీవి, బుర్ర నాది. ఈస్టర్ లోపల ఆ కిటికీకి పెల్మెట్ పెట్టకపోతే నా పేరు డెల్మర్ కాదు."

మర్నాడు అమ్మ మిల్లుగుడ్డల దుకాణానికి వెళ్లి సోఫా గుడ్డ తెచ్చింది. తెచ్చీ తేగానే నాన్న కాళ్ల మీద పరిచింది. ముదురాకుపచ్చ మీద తెల్లటి మాగ్నోలియా పువ్వులు, ఒక్కొక్కటీ అన్నం పళ్లెమంత ఉన్నాయి. అమ్మ వాటిని అరచేత్తో నిమురుతూ నిలబడింది. తనకోసం గుడ్డ కొనుక్కుని ఎన్నేళ్లయిందో ఏమో, పెళ్లికూతురిలా ఉంది.

నేను టేపు పట్టుకుని స్టూలెక్కాను. నాన్న చెబుతున్నాడు. "పై అంచు కిటికీ చట్రానికి రెండంగుళాల పైన. పెల్మెట్ చట్రాన్ని కప్పాలి, కడ్డీని కప్పాలి, మిల్లులో మాకు నేర్పింది అదే. అక్కణ్ణించి కిందకి ఎనిమిది అంగుళాలు. అంతకంటే దిగకూడదు."

"ఎనిమిదా?" అమ్మ గుడ్డని మడిచి చూసింది. "ఎనిమిదైతే పువ్వు సగానికి తెగుతుందయ్యా. పదహారు లేందే పువ్వు నిండుగా రాదు."

"చిన్న పువ్వుల గుడ్డ దొరకలేదా?"

"దొరికింది. నాకిది నచ్చింది." ఆ తర్వాత గొంతు తగ్గించి అంది. "పోనీలే, నీకు నచ్చకపోతే మార్చేస్తా. వాళ్లేమీ అనుకోరు."

నాన్న కిటికీ వైపు చూశాడు. ఆ చూపు ఎంత ఎత్తులో ఆగిందో నేను స్టూలు మీంచి కనిపెట్టాను. తర్వాత అమ్మ వైపు చూశాడు. అమ్మ అప్పటికే గుడ్డ మడతపెట్టడం మొదలుపెట్టింది.

"పదహారు రాసుకో ట్వైలా," అన్నాడు.

"నాన్నా, అంత కిందకి వస్తే నీకు..."

"పెన్సిలు మొద్దుబారింది. పోయి చెక్కుకురా."

పెన్సిలు మొద్దుబారలేదు. నేను వరండాలోకి పోయి కాసేపు నిలబడి వచ్చాను.

ఆ తర్వాతి రోజులు మా ఇంట్లో పండగలా గడిచాయి. వరండాలో చెక్క కోసే బల్లలు వేసి ప్లైవుడ్ కోశాను. పొడుగు పలక ముందుకి, పొట్టి పలకలు పక్కలకి, పైన మూత, వెనకా అడుగునా తెరిచున్న పెట్టెలా. కోసిన ప్రతి ముక్కనీ మంచం దగ్గరికి తీసుకెళ్లాలి. నాన్న అంచు మీద బొటనవేలు నడిపి చూసి, "ఇక్కడ ముల్లుంది, గీకు" అనేవాడు. గీకి తీసుకెళితే మళ్లీ చూసేవాడు. జిగురు పెట్టి మేకులు కొట్టాక దాని మీద దూది పొర కప్పాం. ఇక గుడ్డ పని అమ్మది.

మొదటిసారి అమ్మ ఒక చివర్నుంచి స్టేపుల్స్ కొట్టుకుంటూ వచ్చింది. సగం దూరం వచ్చేసరికి నడిమి పువ్వు మూతి వంకరపోయింది.

"పక్షవాతం వచ్చిన పువ్వులా ఉందేంటే," అన్నాడు నాన్న. "నడిమిలోంచి మొదలెట్టాలి. పైన ఒకటి కొట్టు, లాగి పట్టుకుని కింద ఒకటి కొట్టు. అట్నుంచి ఒకటి, ఇట్నుంచి ఒకటి. మూలలు ఆఖర్న."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"నువ్వడిగావా?"

అమ్మ గొణుక్కుంటూ స్టేపుల్స్ అన్నీ పీకి, మళ్లీ నడిమిలోంచి మొదలుపెట్టింది. ఈసారి గుడ్డ బిగువుగా, పువ్వు నిటారుగా వచ్చింది. మూలలు మడిచి, వెనక్కి తిప్పి, కింది అంచు లోపలికి లాగి ఆఖరి స్టేపుల్ కొట్టి, విజయగర్వంతో లేచి నిలబడింది. పెల్మెట్టూ లేచింది. వేసుకున్న ఏప్రన్‌ని కూడా కలిపి స్టేపుల్స్ కొట్టేసుకుంది మా అమ్మ. అది తెలియక రెండడుగులు వేసేసరికి పెల్మెట్ ఆవిడ వెంటే వచ్చి మంచాన్ని తగిలింది. నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే నడుంలో నొప్పి, నొప్పెడితే మూలుగు, మూలిగి మళ్లీ నవ్వు. అమ్మ కూడా కూలబడి కన్నీళ్లొచ్చేలా నవ్వింది. మేం ముగ్గురం కలిసి అంతలా నవ్వింది అదే ఆఖరుసారి.

మార్చి మధ్యలో ఒక పొద్దున్నే రసమట్టం పెట్టి చూసుకుని, నాన్న చెప్పిన చోటే క్లాంపులు బిగించి పెల్మెట్‌ని ఎక్కించాం. నేను స్టూలు దిగాను గానీ మంచం వైపు చూడటానికి మనసొప్పలేదు.

"ఎలా ఉందయ్యా?" అంది అమ్మ. జుట్టునిండా దూది పీచు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని, బడిలో పద్యం అప్పజెప్పిన పిల్లలా నిలబడింది.

నాన్న చాలాసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు. "డాక్టరుగారింట్లో కూడా ఇంత బాగా కుదర్లేదు."

ఆ సాయంత్రం అమ్మ పెరట్లో ఉండగా నేను దిండు పక్కన తల ఆనించి చూశాను. పైన తెల్లటి పువ్వు, పువ్వు కింద గుడ్డ అంచు, ఆ అంచు కింద కంచె. ఒక్క సొరబుర్రా కనిపించలేదు.

"మరేం ఫర్వాలేదు," అన్నాడు నాన్న నా ముఖం చూడకుండానే.

నాలుగు రోజులు తిరక్కుండా పిట్టలొచ్చాయి. మాకంటే ముందు నాన్నే విన్నాడు. గొంతులో నీళ్లు పుక్కిలించినట్టుండే ఆ కూత వినగానే, "వచ్చాయి, పెద్దమగపిట్ట వచ్చింది" అన్నాడు. అమ్మ చేతిలో గరిటెతో పరిగెత్తుకొచ్చి అద్దానికి ముక్కు ఆనించి, మెడ సాచి చూసింది.

"రెండొచ్చాయయ్యా! నడిమి బుర్ర మీద కూచున్నాయి. అయ్యో, నీకు కనపడవు కదా. గదిలో నిలబడితే నాకే కనపడవు, పడుకున్నవాడికేం కనపడతాయి."

"నువ్వు చెబుతున్నావుగా. చాలు."

అప్పట్నుంచీ అమ్మ రోజూ అద్దం దగ్గర నిలబడి వార్తలు చెప్పేది. ఇవాళ ఒకటి గడ్డిపోచ తెచ్చింది, ఇవాళ రెండు కొట్టుకున్నాయి, ఇవాళ నీలం రంగు ఎండకి మెరిసిపోతోంది. నాన్న కళ్లు మూసుకుని వినేవాడు. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లిపోగానే కళ్లు తెరిచి పువ్వు వైపు చూసేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"అమ్మకి చెప్పేస్తా," అన్నాను ఒకరోజు. "ఒక్క మాట. అంతే."

"చెబితే?"

"తీసేస్తుంది."

"అందుకే వద్దంటున్నా. ముప్పై ఏళ్లకి ఒక్కటి చేసిచ్చా ఆవిడకి. పొద్దున్నే కాఫీ పట్టుకొస్తూ ముందు దాన్ని చూసుకుని, ఆ తర్వాత నన్ను చూస్తది. ఆ ముఖం చూశావా నువ్వు?"

"పోనీ మంచం కాస్త జరుపుతా."

"ఎందుకు జరిపావంటది. నువ్వు అబద్ధం ఆడలేవు, నీ చెవులు ఎర్రబడతాయి. మీ అమ్మ పోలిక." కళ్లు మూసుకుని విన్నాడు. "వినపడుతున్నాయి కదే. ఏ బుర్రలో ఎవరున్నారో కూడా చెప్పగలను."

ఈస్టర్‌కి మొజెల్ అత్త వచ్చింది. పెల్మెట్ అంచు పట్టుకుని కుట్లు వెతికింది, ఏమీ దొరకలేదు. "బాగుంది ఓపల్," అంది, నిమ్మకాయ చప్పరించిన మొహంతో. అమ్మ ఆ రాత్రి గిన్నెలు తోముతూ పాట పాడింది. చర్చి ఆడవాళ్లు జట్లు జట్లుగా వచ్చారు, పేషెంటుని చూసి, పెల్మెట్‌ని చూసి, ఎలా చేశారో రాసుకుని వెళ్లారు. అమ్మ ప్రతివాళ్లకీ "నడిమిలోంచి మొదలెట్టాలి" అని నాన్న గొంతుతో చెప్పేది. ఆ ముచ్చట చూస్తుంటే నాకూ నోరు పెగిలేది కాదు. నేనూ ఆ ఊరి మనిషినే కదా.

జూన్‌లో బుర్రల నిండా పిల్లల గోల. నాన్న తిండి తగ్గింది, నొప్పి పెరిగింది. నాలుక కింద మందు చుక్కలు వేస్తుంటే ఒకోసారి ఆయన మిల్లులో ఉండేవాడు, ఒకోసారి చిన్నప్పటి చేపలవేటలో ఉండేవాడు. అమ్మకి అద్దం దగ్గర నిలబడే తీరిక లేకపోయింది. వార్తలు ఆగిపోయాయి.

జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ ఆయన పెదాలకి తడిగుడ్డ అద్దుతోంది. నేను తలగడ గలీబులు మడతపెడుతున్నాను. నాన్న కళ్లు తెరిచి, ఎంతో మర్యాదగా, పరాయివాళ్లతో మాట్లాడే గొంతుతో అన్నాడు.

"అమ్మా, ఏమనుకోకండి. కాస్త ఆ టోపీ తీస్తారా? నాకు ముందున్నది కనపడట్లేదు."

అమ్మ నవ్వింది. "చర్చిలో ఉన్నాడు. ఎవరి టోపీ అయ్యా?"

"ముందు వరసలో ఆవిడది. పువ్వుల టోపీ." మళ్లీ తనే చెయ్యి కొంచెం లేపి సర్దుకున్నాడు. "వద్దులెండి, ఉంచుకోండి. ముచ్చటపడి పెట్టుకున్నట్టున్నారు. పాట వినపడుతోంది, చాలు."

అమ్మ నవ్వు ఆగిపోయింది. ఆయన చూపు ఎటుందో అటు చూసింది. తడిగుడ్డ పక్కన పెట్టి, మంచం పక్కన మోకాళ్ల మీద కూచుని, మెల్లగా ఆయన దిండు మీద తల ఆనించింది. అలా ఎంతసేపుందో తెలియదు. నా చేతిలో గలీబు అలాగే ఉండిపోయింది.

"ట్వైలా," అంది తల తిప్పకుండా. "ఇది పెట్టకముందు ఇక్కణ్ణించి ఏం కనపడేది?"

"బుర్రలు."

"అన్నీనా?"

"అన్నీ."

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి స్టూలు లాక్కుని, వంటింట్లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చుకుని, తనే ఎక్కి పెల్మెట్ విప్పేసింది. ఒక చివర చేత్తో అందుకోమన్నట్టు నాకేసి చూసింది, అందుకున్నాను. కిటికీ నిండా ఒక్కసారి ఆకాశం వచ్చింది. స్తంభం, అడ్డకర్రలు, వరసగా సొరబుర్రలు.

ఒక్క పిట్టా లేదు. అవి వెళ్లిపోయాయి. ఏ రోజు వెళ్లాయో మా ఇద్దరికీ తెలియలేదు. ప్రతి ఏడూ టోపీ తీసి నిలబడే మనిషి ఇంట్లోనే ఉన్నాడు, మేమే ఆ నిశ్శబ్దాన్ని గమనించలేదు.

మర్నాడు పొద్దున్న నాన్నకి తెలివి బాగా ఉంది. బోసి కిటికీ వంక చూశాడు, ఖాళీ బుర్రల వంక చూశాడు.

"మంగళవారం నుంచీ చప్పుడు లేదు," అన్నాడు. "పిల్లలన్నీ బాగానే ఎగిరినట్టున్నాయి."

"నాకెందుకు చెప్పలేదయ్యా?" అంది అమ్మ.

"ఏం చెప్పాలి?"

"అది నీకు అడ్డమని. వద్దని."

"వద్దనుకోలేదే నేను. నువ్వంత ముచ్చటపడుతుంటే ఎలా అంటాను?"

"ముప్పై ఏళ్లు వచ్చే చలికాలం, వచ్చే చలికాలం అన్నావు. అప్పుడు అనగలిగావుగా, ఈ ఒక్కసారి అనలేకపోయావా?" అంది అమ్మ. 

"పెట్టెయ్ ఓపల్," అన్నాడు నాన్న. "కిటికీ బోసిగా ఉంది."

కాదనడం మాకు చేతకాదు. చెరో స్టూలెక్కి, ఒక చివర అమ్మ పట్టుకుంది, రెండో చివర నేను. పాత క్లాంపుల దగ్గరికి ఎత్తాం. అమ్మ చేతులు అక్కడ ఆగలేదు. ఆ కిటికీ మీదికి మళ్లీ దాన్ని దించడానికి ఆవిడకి మనసు రాలేదు, పైపైకి ఎత్తుకుంటూ పోయింది. ఆవిడతో పాటు నేనూ ఎత్తాను. మా చేతులు పూర్తిగా చాచేసరికి పెల్మెట్ పైకప్పుకి తగిలి ఆగింది. కింది అంచు సరిగ్గా చట్రం పైకి వచ్చి నిలిచింది. పువ్వు నిండుగా ఉంది. కిటికీ కూడా నిండుగా ఉంది.

 బరువుకి భుజాలు లాగుతున్నా దించలేదు.

నాన్న వడ్రంగి కళ్లతో కింది అంచు కొలిచాడు, పై అంచు కొలిచాడు. "పెల్మెట్ అంటే చట్రమ్మీదకి దిగాలనే నేర్చుకున్నా," అన్నాడు. "పైన అంత గోడ ఉందని నాకు తట్టనే లేదు."

"నాకు తట్టేది," అంది అమ్మ. "నువ్వు చెప్పుంటే నాకు తట్టేది."

నిజం. తెలిసిన రెండో రోజుకే తట్టింది కదా. ఆ వసంతమంతా ఆ గోడ ఖాళీగానే ఉంది. మేం ముగ్గురం ఒకరి సంతోషం ఒకరం పాడుచెయ్యకూడదని అంత జాగ్రత్తగా నడుచుకుని, దాన్నే పాడుచేసుకున్నాం. 

పెల్మెట్‌ని అక్కడే బిగించాం. ఆగస్టు చివర్లో నాన్న పోయాడు. అప్పటిదాకా ఖాళీ బుర్రలనే చూస్తూ ఉన్నాడు.

చావు భోజనాలకి మొజెల్ అత్త జెల్లీ తెచ్చింది. చర్చి హాల్లో అత్త అందరి ముందూ అమ్మ పళ్లెంలో పెద్ద ముక్క వేసింది. అమ్మ దాని వంక చూసి, పళ్లెం పక్కన పెట్టేసింది.

"వదినా, ఇది నాకెప్పుడూ నచ్చలేదు. డెల్మర్‌కీ నచ్చలేదు."

హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. అత్త ముఖం పాలిపోయింది. ఇక గొడవే అనుకున్నాను. ఆవిడ మెల్లగా కుర్చీలో కూలబడింది.

"మా ఇంట్లో ఒక్కరూ తినరు ఓపల్," అంది. "నేనూ తినను. వాడు రెండోసారి అడిగి మరీ వేయించుకుంటాడని కదా ఇన్నేళ్లూ చేసి తెచ్చాను."

అమ్మ ఆవిడ పక్కన కూచుని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు ఏడ్చారు. ఆ తర్వాత మా అమ్మ ఎవరికీ ఊరికే బాగుందని చెప్పలేదు. కొందరు మా ఇంటికి రావడం మానేశారు. అత్త మాత్రం మానలేదు.

మరుసటి ఫిబ్రవరిలో సొరబుర్రలు నేనే కట్టాను. అద్దె మంచం ఎప్పుడో వెళ్లిపోయింది. అమ్మ ఆ చోటే నేల మీద రెండు పరుపులు పేర్చి, వాటి మీద బొంత పరిచి, బూట్లతోనే వెల్లకిలా పడుకుని కిటికీలోంచి అరిచింది.

"చివరిది ఎడమకి తిప్పు! కన్నం తూర్పుకుండాలి!"

"అన్నీ కనపడుతున్నాయా?"

"అన్నీ!"

మార్చిలో మొదటి పిట్ట కూత వినపడగానే నేను చేతిలో పని వదిలేసి హాల్లోకి పరిగెత్తాను. అమ్మ అప్పటికే పడుకుని చూస్తోంది. పక్కన బొంత మీద ఇంకో దిండు, నాన్న తల కింద ఉండే పల్చటిది, వేసి ఉంది. నాకోసమే అనుకుని అక్కడ ఒరగబోయాను.

"అటు కాదు," అంది అమ్మ కిటికీ మీంచి చూపు తిప్పకుండా. "నువ్వు ఇటు పక్క పడుకో."